సీమ అంటే బాంబులేనా?

కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల నుంచి చదువుకో ఉద్యోగానికో హైదరాబాదు చేరిన మన సంఘ యువతను అడిగి చూడండి. ఊరి పేరు చెప్పగానే "అమ్మో, బాంబులు వేస్తారా?" అన్న పరిహాసం వాళ్లలో చాలామందికి అనుభవమే. అలా అడిగేవారిలో ఎందరో సీమలో అడుగైనా పెట్టి ఉండరు. వాళ్లు చూసింది సినిమా.

1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర' ఘనవిజయం సాధించాయి. రెండింటికీ దర్శకుడు బి. గోపాల్. మొదటిదానిలో కథానాయకుడు ఒక ఇంట్లో పనివాడు, రెండోదానిలో కాశీలో టాక్సీ నడుపుకొనేవాడు. సినిమా కొంత నడిచాక అసలు సంగతి బయటపడుతుంది. అతడు సీమలో పేరున్న కుటుంబీకుడు, వెనకాల పగల చరిత్ర ఉంది. ఈ అచ్చు డబ్బు తెచ్చిపెట్టింది గనుక ఎందరో అందులోనే పోత పోశారు. గాలిలోకి లేచే సుమోలు, వేటకొడవళ్లు, తొడ చరచడాలు మామూలైపోయాయి.

సీమలో కక్షలు లేవని మనం అనడం లేదు. హత్యలు జరిగాయి, పిల్లలు తండ్రులను పోగొట్టుకున్నారు. కానీ వానకోసం ఆకాశం వైపు చూసే అనంతపురం వేరుశెనగ రైతు, పనికోసం బెంగళూరు బస్సెక్కే కూలీ, జమ్మలమడుగులో మిషనరీలు స్థాపించిన క్యాంబెల్ ఆసుపత్రి కూడా సీమే. ఒక ముక్కను చూపించి అదే మొత్తమని చెప్పడం పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం కాదా? అంతకన్నా ప్రమాదం, ఆ కథల్లో నరికేవాడు వీరుడు. విధవరాలి ఏడుపు మాత్రం రెండు నిమిషాల్లో ముగుస్తుంది. 2018లో వచ్చిన 'అరవింద సమేత' పగ ఆపడమే గొప్పతనమని చెప్పబోయింది. అయితే అందులోనూ నెత్తురుకు కొదవలేదు.

హిందీ సినిమాల్లో క్రైస్తవుడు తాగుబోతుగా కనబడితే మనం నొచ్చుకుంటాం. 1977 నాటి 'అమర్ అక్బర్ ఆంథోనీ'లో ఆంథోనీ నడిపేది సారా దుకాణమే. మనకు నొప్పి కలిగించేది ఇతరులకూ నొప్పే కదా!

నజరేతు పేరు వినగానే నతనయేలు పెదవి విరిచాడు (యోహాను 1:46). ఫిలిప్పు వాదించలేదు, వచ్చి చూడమన్నాడు. పేతురును పట్టించింది అతని గలిలయ యాసే (మత్తయి 26:73). ఆ యాసగలవాని నోటనే పెంతెకొస్తు దినాన సువార్త వినబడింది.

క్రిస్మస్ నాటికల్లో దొంగకో తాగుబోతుకో సీమ యాస, తెలంగాణ యాస తగిలించి నవ్వించే అలవాటున్న సంఘాలు ఈ డిసెంబరులోగా ఆలోచించాలి. ఇంట్లో అదే యాస మాట్లాడే అమ్మ, ఆ రోజు ముందు వరుసలోనే కూర్చుని ఉంటుంది. ఆమె మాటను గౌరవించడం కూడా ప్రేమలో భాగమే.