లాలచ్ ఫితరతే అయితే ఈసార్ ఏమిటి?



ఆత్మకూరు చాయ్ దుకాణంలో సోషలిజం మాటెత్తి చూడండి. జవాబ్ ఒకటే వస్తుంది: "ఇన్సాన్ ఫితరతే లాలచ్. అందరికీ సమానంగా పంచితే ఎవడు పనిచేస్తాడు? రష్యా ఏమైందో చూడు." మనలో నాలుగు అక్షరాలు చదువుకున్నవాళ్లకూ ఇదే ఆఖరి దలీల్. ఇందులో సగం సచ్, సగం జూట్.

సచ్ సంగతి ముందు. సోవియట్ సర్కార్ రైతుల భూములు కలిపేసి, ఇంటి వెనక పెరడు మాత్రం వాళ్లకు వదిలింది. సాగుభూమిలో ఆ పెరళ్లు 3 శాతం దాకా ఉండేవి. దేశ వ్యవసాయ ఉత్పత్తిలో దాదాపు నాలుగో వంతు మాత్రం వాటి నుంచే వచ్చేది! చైనాలో 1978లో షియావోగాంగ్ అనే పల్లెలో 18 మంది రైతులు చాటుగా కాగితం మీద వేలిముద్రలు వేసి, కమ్యూన్ పొలాన్ని ఇంటింటికీ పంచుకున్నారు. పట్టుబడితే జైలే. మరుసటి ఏడు పంట విరగపండింది. "నాది" అనే మాట నఫ్స్‌లోంచి లాఠీకి పోదు. పొమ్మని ఇస్లామూ అనలేదు. సొంత మాల్, తిజారత్, విరాసత్ అన్నీ జాయిజే.

ఇక జూట్. "కాబట్టి ఎవడి లాలచ్ వాడిది, అంతా మార్కెట్‌కి వదిలేయండి" అంటారు. అలాగైతే మన నెల్లూరు జిల్లా పుచ్చలపల్లి సుందరయ్య సంగతేమిటి? 1913లో అలగానిపాడులో భూస్వామి ఇంట పుట్టిన మనిషి, పేరులోంచి కులం తీసేశారు, తన వాటా ఆస్తి పార్టీకి ఇచ్చేశారు. ఆయన అకీదా మనది కాదు, సరే. అల్లాహ్‌ను నమ్మని మనిషిలో కూడా ఈసార్ ఉందంటే అదీ ఫితరతే కదా భాయ్! కానీ అందరూ సుందరయ్యలు కారు. అందరూ సుందరయ్యలైతేనే నడిచే వ్యవస్థ నిలబడదు.

ఇప్పుడు జకాత్ హిసాబ్ చూడండి. నిసాబ్ దాటి ఏడాది నిలిచిన మాల్‌లో నలభైకి ఒకటి. కమ్యూన్ నలభైకి నలభై అడిగింది, మార్కెట్ ఒక్కటీ అడగదు. జకాత్ 39 మీకే వదిలి, ఆ ఒక్కటి గరీబ్ హఖ్ అంటుంది, మీ మెహెర్బానీ కాదంటుంది. మనిషిని ఫరిష్తా అనుకోలేదు, జంతువూ అనుకోలేదు.

ఇక్కడ ఆపేస్తే మనకందరికీ హాయి. ఆపను. ఉదయగిరి చెంచాలనే తీసుకోండి. నర్ది, బిక్కి లాంటి కొండ కలప తెచ్చి, చెక్కి, నునుపు దేల్చి చెంచాలు, ఫోర్కులు చేసేవాళ్లలో ఎక్కువమంది మన ఆపాలు, ఖాలాలే. ఆ పనికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. పట్నం ఎంపోరియంలో ఆ చెంచా ధర చూడండి, తర్వాత చెక్కిన చేతికి ఎంత దక్కిందో అడగండి. ఏడాదంతా బేరమాడి మజ్దూరీ కోసిన సేఠ్, రంజాన్‌లో అదే ఇంటికి జకాత్ కవర్ పంపితే, ఆ కవర్‌లో డబ్బు ఎవరిది? మజ్దూర్ హఖ్ తిన్న చేతికి జకాత్ రసీదు మాఫీ పత్రమా? లాలచ్ ఫితరత్ అని చాయ్ దుకాణంలో గట్టిగా వాదించేది కూడా ఎక్కువగా ఇలాంటి సాహెబ్‌లే.

ఆపాలే పదిమంది కలిసి కలప కొనాలి, నఫా పంచుకోవాలి. సోషలిజం అంటే భయపడేవాళ్లు దాన్ని ముషారకా అనుకోండి, మాకేం అభ్యంతరం లేదు. ఆత్మకూరు పక్కనే ఏఎస్ పేట దర్గాకు ఎక్కడెక్కడి నుంచో జాయిరీన్ వస్తారు. అక్కడ ఆపాల సొంత దుకాణం ఒకటి పెడితే మధ్యలో సేఠ్ అవసరమే రాదు. మొదటి విడత కలపకు పైసా కావాలి, అంతే.

ఉదయగిరి, ఆత్మకూరు మస్జిద్ కమిటీల సాహెబ్‌లూ, వచ్చే రంజాన్‌లోపు జవాబ్ చెప్పండి: ఆ కలపకు బైతుల్‌మాల్ నుంచి ఖర్జె హసనా ఇస్తారా, ఈసారీ చీరలే పంచుతారా?