వీలునామాలో లేని పేరు

తాత రాసిన కాగితంతో మనవడికి పొలం దక్కుతుంది. తరాలుగా దాన్ని దున్నిన కౌలుదారుకు మాత్రం ఏమీ దక్కదు. ఇది కొత్త సంగతేం కాదు.

19వ శతాబ్దం చివర పిఠాపురం జమీందారు తన ఎస్టేటును, దత్తత చేసుకున్నాక పుట్టిన కొడుకు పేర వీలునామా రాశాడు. దత్తపుత్రుడు కోర్టుకెక్కాడు. వ్యాజ్యం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. వీలునామా చెల్లుతుందని 1899లో తీర్పొచ్చింది. ఇద్దరిలో ఎస్టేటు ఎవరిదన్నదే తగువు. శిస్తు కట్టిన రైతు, నాట్లేసిన కూలీ ఆ తగువులో లేనేలేరు.

1948 చట్టంతో జమీందారీలు పోయాయి, ఎత్తుగడలు పోలేదు. భూపరిమితి వస్తోందని తెలిసి భూస్వాములు పొలాల్ని అయినవాళ్ల పేర్లకు మార్చుకున్నారు. అందుకే 1973 చట్టం 24-1-1971 తర్వాతి బదిలీలను అనుమానించింది. అంతకుముందే సర్దుకున్నవాళ్లు గట్టెక్కారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం 11 నెలల కార్డుకు కూడా యజమాని సంతకమే అడిగింది. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం. అది లేకపోతే పంట రుణం ఎట్లా అని కౌలుదారు దిగులు.

మేమనేది ఒక్కటే. భూమి ఏ వారసుడి పేరుకైనా మారనివ్వండి, సాగు చేసేవాడి పేరు రికార్డుకెక్కాలి. గ్రామసభలో నలుగురూ చెప్పిన మాటే దానికి సాక్ష్యం కావాలి. సంతకం కోసం వాకిట్లో నిలబడే రోజులు పోవాలంటే ఊరూరా కౌలుదార్లు, కూలీలు కలిసి అడగాలి.