పోలీసు కావాలంటే పటాలం దారేనా?

పోయిన వారం హోసూరు బస్సులో నా స్నేహితురాలు ఒక మాట అనింది: “నాకు ఎస్సై కావాలనే ఉంది మే. కానీ ముందు అగ్నివీర్‌గా మిలిటరీ పోలీసులో చేరతా. నాలుగేండ్లు చేసి వస్తే పోలీసులో సులభంగా తీసుకుంటారు కదా!” మన క్లాసులో ఇంకా ఇద్దరు ముగ్గురిది ఇదే ఆలోచన. మొన్నటిదాకా నాదీ ఇదే. అందుకే రాస్తున్నాను.

ముందు మంచి మాట. సైన్యంలో ఆడపిల్లలను సిపాయిలుగా మొదట చేర్చుకున్నది మిలిటరీ పోలీసే. 83 మంది తొలి జట్టు 2021 మే 8న మన పక్కనున్న బెంగుళూరులోనే శిక్షణ ముగించుకుంది. ఆ ఎర్ర టోపీ అంటే నాకు చాలా గౌరవం.

అయితే పేరులో పోలీసు ఉంది కదా అని అది స్టేషన్ పని అయిపోదు. సైనికుల క్రమశిక్షణ, కంటోన్మెంటు ట్రాఫిక్, యుద్ధఖైదీల కాపలా, ఇవీ వాళ్ళ పనులు. మొగుడు కొట్టాడని ఏడుస్తూ వచ్చిన ఆడమనిషి ఫిర్యాదు రాసుకోవడం అక్కడి పని కాదు.

ఇక లెక్క చూడండి. 2022లో అగ్నిపథ్ ప్రకటించినప్పుడు చెప్పింది ఇది: నాలుగేండ్ల తర్వాత సైన్యంలో నిలిచేది 25 శాతం దాకానే. మిగతావాళ్ళు సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికి రావాలి, పింఛను ఉండదు. వాళ్ళకు 10 శాతం చోటు ఇస్తామన్నది కేంద్ర బలగాల్లో. మన రాష్ట్రంలో ఎస్సై కావడం వేరే సంగతి.

అసలు మన భయం ఏమంటే తమిళ పేపరు. ఎస్సై పరీక్షలో తమిళ అర్హత పేపరులో 40 శాతం తెచ్చుకుంటేనే రెండో పేపరు దిద్దుతారు. సంతలో బేరమాడే తమిళం మనకు బాగానే వచ్చు, వ్యాకరణం అడిగితే మాత్రం తెల్లమొగం వేస్తాం. పటాలానికి పోయి నాలుగేండ్లకు తిరిగొచ్చినా ఆ పేపరు అక్కడే కూర్చోనుంటుంది!

ఇంట్లో అప్పులుండి, వెంటనే జీతం కావాల్సిన వాళ్ళను నేను తప్పుపట్టను. సైన్యమంటే నిజంగా ఇష్టముంటే తప్పక పోండి. కేంద్ర బలగాలే చాలనుకుంటే ఆ కానిస్టేబుల్ పరీక్షను 2024 నుంచి తెలుగులోనే రాయొచ్చు, చుట్టు తిరిగే పని లేదు. కానీ మన ఊరి స్టేషన్‌లో కూర్చోవాలని ఉంటే మాత్రం దారి తమిళం మీదుగానే పోతుంది.

మన పల్లె ముసలమ్మ తెలుగులో చెప్పుకునే గోడు విని, దాన్ని తప్పు లేకుండా తమిళంలో రాసే ఎస్సై ఈ ప్రాంతానికి ఎంత అవసరమో మనకు తెలియదా? ఆ పని మనకన్నా బాగా ఎవరు చేయగలరు?

సోమవారం నుంచి మధ్యాహ్నం అన్నాలు తిన్నాక నేను తమిళ వ్యాకరణం పుస్తకంతో మన డిపార్టుమెంటు వరండాలో కూర్చుంటాను. ఎవరెవరు వస్తారు?