పాలపిట్ట తగ్గిందని ఎవరు చెప్పాలి?

దసరా నాడు పాలపిట్ట కనిపిస్తే చేతులెత్తి దండం పెట్టే అలవాటు తెలంగాణ ఊళ్లలో ఇంకా పోలేదు. పిట్ట కనిపించడమే కష్టమైంది. ‘మా చిన్నప్పుడు ప్రతి కరెంటు తీగ మీదా ఒకటి ఉండేది’ అని పెద్దవాళ్లు అంటారు. నిజమే అయి ఉంటుంది. అయితే ఆ ఒక్క మాట విని ఏ అధికారీ ఒక బీడును ప్లాట్లు కాకుండా ఆపడు. కాగితం మీద లెక్క చూపించమంటాడు. ఆ లెక్క రాస్తున్నవాళ్లలో చాలామందికి అది ఉద్యోగం కాదు. ఆదివారం చీకటితోనే లేచి, బైనాక్యులర్ మెడలో వేసుకుని చెరువు గట్టెక్కే మామూలు మనుషులు వాళ్లు. వాళ్ల సంఘాలు అచ్చువేసే పరిశోధనను ఎంతవరకు నమ్మవచ్చు?

మన దగ్గర ఈ పని కొత్తది కాదు. నిజాం రాజ్యంలో 1931-32లో సలీం అలీ పక్షుల సర్వే చేశాడు. అది ఒక నిపుణుడు ఒకసారి తిరిగి రాసిన లెక్క. 1980లో హైదరాబాద్‌లో పుట్టిన ఆంధ్రప్రదేశ్ బర్డ్‌వాచర్స్ సొసైటీ వేరే దారి పట్టింది. ఒకే చెరువుకు ఏడాది తర్వాత ఏడాది వెళ్లడం, చూసింది ‘పిట్ట’ పత్రికలో వేయడం దాని పద్ధతి. 1989లో సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ కలిసి రాష్ట్ర పక్షుల జాబితా తెచ్చారు. ఆ సంఘమే ఇప్పుడు డెక్కన్ బర్డర్స్. ఇన్నేళ్లపాటు అదే చోటికి తిరిగి తిరిగి వెళ్లే ఓపిక మూడేళ్ల ప్రాజెక్టు నిధులతో నడిచే పరిశోధకుడికి ఉన్నా, వీలుండదు.

ఒక శీతాకాలం ఉదయం అమీన్‌పూర్ చెరువు దగ్గర చూసిన సంగతి చెప్పాలి. బురదలో ఒక ఉల్లంకి తోక ఆడిస్తూ తిరుగుతోంది. ఉల్లంకుల్లో రెండు జాతులు దూరం నుంచి దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఒకదానికి వీపు మీద చుక్కలు ఎక్కువ, రెండోదానికి రెక్క అడుగు నల్లన. కుర్రవాడొకడు పేరు రాసేశాడు. ‘రెక్క విప్పగా చూశావా బాబూ?’ అని పెద్దాయన అడిగారు. చూడలేదన్నాడు. అయితే కొట్టేసి ‘ఉల్లంకి, జాతి తెలియదు’ అని రాయమన్నారు. పావుగంట నిలబడ్డా పిట్ట ఎగరలేదు, ఆ వరుస అలాగే ఉండిపోయింది. తెలియనిది తెలియదని రాసే సంఘం మాట మీద నాకు గురి కుదిరింది.

అలాగని అభ్యంతరాలు తీసిపారేసేవి కావు. జనం వెళ్లగలిగే చోటికే వెళతారు: ఊరికి దగ్గర, రోడ్డు పక్కన, సెలవు రోజున, పొద్దున పూట. నగరం చుట్టూ చెరువులకు వందల జాబితాలుంటే, మారుమూల మెట్టపొలాలకు ఒక్కటీ ఉండదు. అరుదైన పిట్ట వచ్చిందంటే కెమెరాలన్నీ అటే పరుగెడతాయి, గోరింకను లెక్కపెట్టేవాడుండడు. కొన్ని పక్షులైతే ఆదివారపు నడకకు అసలు దొరకవు. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న కలివి కోడి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ వెతుకుతూ వస్తే, దాన్ని రాత్రిపూట దీపం వెలుగులో పట్టింది ఆ ఊరి పిట్టల వేటగాడు. పొదల మధ్య రాత్రి తిరిగే ఆ పక్షి జాడ కోసం తర్వాత నిపుణులు మెత్తటి మట్టి పరిచి కాలిముద్రలు వెతికారు, కెమెరాలు అమర్చారు. ఇది సరదాగా వెళ్లి చేసే పని కాదు.

కానీ పాలపిట్ట విషయంలో తూకం రెండోవైపు మొగ్గుతుంది. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదికకు ఆధారం సుమారు 30 వేల మంది పక్షి వీక్షకులు ఇచ్చిన 3 కోట్ల నమోదులు. ఎన్ని పిట్టలున్నాయని కాకుండా, చూసినవన్నీ రాసిన జాబితాల్లో నూటికి ఎన్నింట్లో ఆ పిట్ట ఉందని చూస్తారు. కాబట్టి జాబితాల సంఖ్య పెరిగినంత మాత్రాన లెక్క తారుమారు కాదు. ఆ నివేదిక 942 జాతులను పరిశీలించి, దీర్ఘకాలపు మార్పు చెప్పేందుకు 338కే ఆధారం చాలిందని ఒప్పుకుంది. వాటిలో 60 శాతం తగ్గాయి. పాలపిట్ట తగ్గుదల 30 శాతం దాటిందని, దాని స్థాయిని అంతర్జాతీయంగా మళ్లీ పరిశీలించాలని చెప్పింది. మన పెద్దల జ్ఞాపకానికి ఇన్నాళ్లకు రుజువు దొరికింది.

చోటు ఎంపికలో ఉన్న లోపానికీ మందుంది. కేరళలో 2015 నుంచి 2020 దాకా వెయ్యి మందికి పైగా ఔత్సాహికులు రాష్ట్రాన్ని గళ్లుగా విడగొట్టి, లాటరీ తీసినట్టు ఎంచిన చోట్లకు ఏడాదికి రెండు రుతువుల్లో వెళ్లి అట్లాస్ తయారుచేశారు. ఎక్కడికి వెళ్లాలో ఇష్టం కాకుండా పద్ధతి నిర్ణయించింది. మన సంఘాలూ ఈ దారినే నడవాలి.

నాకు అసలు బాధ మరొకటి. ఈ పరిశోధన దాదాపు అంతా ఇంగ్లిషులోనే అచ్చవుతోంది. గూడబాతు, జెముడుకాకి, తీతువు, లకుముకి అని పేర్లు పెట్టుకున్న రైతుకు, గొర్రెల కాపరికి తన పొలం గట్టు మీది పిట్ట గురించి ఏం రాశారో తెలియదు. కలివి కోడిని పట్టిచ్చింది అలాంటి మనిషేనని మరవకూడదు. గూళ్ల జాడ, అరుదైన పక్షుల చోటు అచ్చులో దాచాల్సిందే, ఉచ్చులు పన్నేవాళ్లూ చదువుతారు. మిగతాది తెలుగులో రావాలి.

సంఘాలు చెప్పే ‘ఎప్పుడు, ఎక్కడ, ఏ పిట్ట’ను నేను నమ్ముతాను. ‘మొత్తం ఎన్ని’ అన్నప్పుడు మాత్రం ఎలా లెక్కపెట్టారని అడుగుతాను. ఈ దసరాకు మీరూ ఒక పని చేయండి. పంజరంలో బంధించి తెచ్చిన పాలపిట్టకు డబ్బులిచ్చి దండం పెట్టకండి, దాన్ని పట్టడం చట్టప్రకారం నేరం. పొలం వైపు వెళ్లి ఓ గంట నిలబడండి. తేదీ, చోటు, వేళ, కనిపించిన పిట్టలన్నీ రాసి దగ్గరలోని సంఘానికి పంపండి. పాలపిట్ట కనిపించకపోతే ఆ సంగతీ రాయండి.