చేతిఫోనులో ఖాతాదారుల చిట్టా: ఏది మేలు?

తాడేపల్లిగూడెం, ఏలూరు పట్టణముల నుండి ప్రతి ఉదయము విత్తనము, ఎరువు, చేపల మేత అమ్మువారి మనుషులు మోటారు సైకిళ్లపై గ్రామములకు బయలుదేరుదురు. ఏ రైతు ఎన్ని బస్తాలు కోరెను, ఎవరి చెరువులో చేపకు జబ్బు సోకెను, ఎవరి బాకీ ఎంత అను సంగతులు వారి జేబు పుస్తకములలో ఉండెడివి. మనిషి కొలువు మానినచో పుస్తకము కూడ అతనితోనే పోయెడిది. రైతు తన గోడు మరల మొదటి నుండి చెప్పుకొనవలసి వచ్చెడిది.

ఈ చిట్టాను చేతిఫోనులో ఉంచు సాఫ్ట్‌వేరులు నేడు పెక్కు కలవు. వీనిని సి.ఆర్.ఎం. అందురు. రైతు ఉత్పత్తిదారుల సంఘములవారు ఏది కొనవలెనని నన్ను అడుగుచున్నారు. హంగులు చూచి కొనరాదనియు, పొలము గట్టుపై పరీక్షించి కొనవలెననియు నా అభిప్రాయము.

ఇవి ముఖ్యముగా మూడు రకములు. 1999లో అమెరికాలో ఆరంభమైన సేల్స్‌ఫోర్స్ వంటివి పెద్ద కంపెనీలకు తగినవి. కోరినట్లు మార్చుకొనవచ్చును గాని ఖర్చు అధికము. చిన్న సంఘమునకు ఇది పిల్లకాలువకు ఆనకట్ట కట్టినట్లగును. రెండవది, చెన్నై కేంద్రముగా గల జోహో వారి సి.ఆర్.ఎం., 2020లో వచ్చిన వారి బిగిన్ వంటివి. వీనికి మనిషికింతయని చందా కట్టవలెను. మూడవది, ఓడూ, ఈ.ఆర్.పి.నెక్స్ట్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. దీనిని వెల లేకుండ పొందవచ్చును గాని, నడుపుటకు, మరమ్మతు చేయుటకు తెలిసిన మనిషి కావలెను.

కొనుటకు ముందు నాలుగు పరీక్షలు చేయుడు.

1. కొల్లేటి లంకలలో అన్నిచోట్ల సిగ్నల్ అందదు. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో ఉంచి పది పేర్లు వ్రాసి, పిదప సిగ్నల్ కలుపుడు. ఒక్క పేరు పోయినను అది మనకు పనికిరాదు.

2. పేరు తెలుగులో వ్రాసి, తెలుగులోనే వెదకుడు. ఒకే రైతుకు గల రెండు చెరువులను, సార్వా, దాళ్వా పంటలను వేరువేరుగా వ్రాయు వీలుండవలెను.

3. రేపు మానదలచినచో చిట్టా అంతయు పట్టికగా మన చేతికి వచ్చునా?

4. మొత్తము ఖర్చు లెక్కింపుడు. మనిషికి నెలకు 800 రూపాయలనుకొన్నచో, 8 మందికి ఏడాదికి 76,800 రూపాయలగును.

ఇద్దరు మనుషులు, నూరుమంది రైతులు గల సంఘమునకు మంచి నోటు పుస్తకమే చాలును. దానిని మనిషి ఇంట గాక సంఘ కార్యాలయమున ఉంచినచో సగము కష్టము తీరును.

రైతు బాకీ, పంట నష్టము అతని ఇంటి గుట్టు. అతని అనుమతి లేక వ్రాయరాదు, ఇతరులకు ఇయ్యరాదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము కూడ సమ్మతికే ప్రాధాన్యమిచ్చినది. ఏమి వ్రాసిరో చూపుమని అడుగుటకు రైతు సోదరులు సంకోచింపరాదు.

అమ్మకపు మనిషి ఎక్కడెక్కడ తిరిగెనో చూపు ఏర్పాటు వీనిలో కొన్నింటికి కలదు. యజమానులకు ఇది ముచ్చటగా తోచును. కాని ఎన్ని గడపలు తొక్కెనన్నది లెక్క కాదు. రైతు అడిగిన దానికి ఎన్ని దినములలో జవాబు వచ్చెనన్నదే లెక్క. ఆ లెక్క తేల్చగల చిట్టాయే మేలైనది. సంఘ కార్యదర్శులు, గ్రామాధికారులు ఈ విషయమును సభలో చర్చించి నిర్ణయింతురు గాక.