పాకెట్

మెరిట్ గురించి రాస్తున్న ఈ సీరీస్‌లో ఇది ఆరో భాగం.

పోయిన వారం మా డిగ్రీ సెకండియర్ అమ్మాయి ఒకమాట అంది. సైకిల్ రేసులకు ప్రాక్టీస్ చేస్తున్న పిల్ల. "మేడం, క్లాసుల, హాస్టల్ల కులం ఉంటది. ట్రాక్ మీద ఉండదు గదా? స్టాప్‌వాచ్‌కి మన ఇంటిపేరు తెల్వదు."

ఆ ఆశ మీద నీళ్లు చల్లబుద్ధి కాలేదు. అబద్ధమూ చెప్పబుద్ధి కాలేదు. అందుకని మేజర్ టేలర్ గురించి చెప్పాను. అదే మీకూ చెబుతున్నా.

మార్షల్ టేలర్ 1878లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో పుట్టాడు. నల్లవాడు. తండ్రి ఒక తెల్లవాళ్ల ఇంట్లో గుర్రబ్బండి తోలేవాడు. ఆ ఇంటివాళ్లు ఇచ్చిన సైకిలే అతని మొదటి సైకిల్. తర్వాత ఒక సైకిల్ షాపు ముందు సైనికుడి డ్రెస్ వేసుకుని ఫీట్లు చేసేవాడు. 'మేజర్' అనే పేరు అలా వచ్చింది.

1894లో లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ అనే సంఘం సభ్యత్వం తెల్లవాళ్లకే అని నిబంధన రాసుకుంది. అప్పటికి టేలర్‌కి పదిహేనేళ్లు. పిల్లవాడు ఇంకా ఎవర్నీ పెద్దగా ఓడించనే లేదు, గేటు మాత్రం ముందే వేశారు. ఆ నిబంధనను అధికారికంగా ఎత్తేసింది ఎప్పుడో తెలుసా? 1999లో. నూటఐదేళ్లకు.

స్టాప్‌వాచ్ సంగతి ఆ అమ్మాయి చెప్పింది నిజమే. 1899లో మాంట్రియల్‌లో టేలర్ ఒక మైలు స్ప్రింట్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1900లో అమెరికా స్ప్రింట్ ఛాంపియన్. 1901లో యూరప్ వెళ్లి అక్కడి మేటి రైడర్లను ఓడించి వచ్చాడు. గడియారం అతనికి ఎప్పుడూ అన్యాయం చేయలేదు. అన్యాయమంతా గడియారం మొదలుకాకముందూ, దాని చుట్టూతా జరిగింది.

1897లో దక్షిణాది రాష్ట్రాల నిర్వాహకులు అతని ఎంట్రీలు తీసుకోలేదు. ఛాంపియన్‌షిప్ తేలేది పాయింట్ల మీద. పోటీకే రానివ్వకపోతే పాయింట్లు ఎక్కణ్నుంచి వస్తాయి? ఆ ఏడాదే టాంటన్ అనే ఊళ్లో, రేసు అయ్యాక, వెనకబడ్డ బెకర్ అనే తెల్ల రైడర్ టేలర్‌ని కిందికి లాగి, స్పృహ తప్పేదాకా గొంతు నులిమాడు. అతనికి పడిన శిక్ష యాభై డాలర్ల జరిమానా.

గొంతు నులిమితే కనీసం నలుగురికీ కనబడుతుంది. కనబడనిది ఇంకోటుంది. ట్రాక్ మీద ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతాడు, వెనకున్నవాడు ఆ నీడలో బలం దాచుకుంటాడు. స్ప్రింట్ ఆటంతా ఇదే. టేలర్ దిగితే తెల్ల రైడర్లు కూడబలుక్కునేవాళ్లు. ముందు ఒకడు, పక్కన ఒకడు, రెండోపక్క ట్రాక్ అంచు. మధ్యలో టేలర్. కాళ్లలో బలముంటుంది, పోవడానికి దారుండదు. దీన్నే 'పాకెట్' అంటారు. ఎవరూ ముట్టుకోరు, ఎవరూ తిట్టరు. ఫలితాల పట్టికలో మాత్రం నువ్వు ఓడిపోయినట్టు ఉంటుంది.

ఈ మాట చదివినప్పుడు నాకు నా పీహెచ్‌డీ గుర్తొచ్చింది. నన్నెవరూ కులం పేరు పెట్టి తిట్టలేదు. ఒకరి టేబుల్ మీద నా ఫైల్ నెలల తరబడి ఉంది. ఒకరు "తొందరేముందమ్మా" అన్నారు. ఒకరు సెలవులో ఉన్నారు. నాతో చేరినవాళ్లు ఉద్యోగాల్లో చేరాక నా వైవా జరిగింది. తర్వాత ఒక ఇంటర్వ్యూలో అడిగారు: "ఇన్నేళ్లు ఎందుకు పట్టిందమ్మా?"

సరే, టేలర్ ఎలా బయటపడ్డాడు? "కష్టపడ్డాడు" అని మోటివేషన్ స్పీకర్లు చెబుతారు. కష్టపడ్డాడు, నిజమే. కానీ అతని వెనక బర్డీ మంగర్ అనే కోచ్ ఉన్నాడు. పాత రేసర్, సైకిళ్లు తయారుచేసే తెల్లవాడు. కుర్రాడికి పని ఇచ్చి, శిక్షణ ఇచ్చాడు. నల్లవాణ్ని దగ్గర పెట్టుకున్నందుకు చుట్టూవాళ్లు గొణిగితే, 1895లో అతన్ని వెంటబెట్టుకుని వూస్టర్ అనే ఊరికి మకాం మార్చాడు. ఆ మనిషికి దండం. కానీ మంగర్ దొరకని నల్ల పిల్లలు ఎంతమంది? వాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ లేవు. ఒక మంచివాడు తారసపడటం మీద ఒక జాతి బతుకు ఆధారపడకూడదు. రిజర్వేషన్ అంటే నాకు అర్థమైంది ఇదే. మంగర్ దొరకనివాళ్లకు కూడా గేటు తెరుచుకోవడం.

టేలర్ 1910లో రిటైరయ్యాడు. 1928లో ఆత్మకథ రాసి, సొంత డబ్బులతో అచ్చేసి, ఇంటింటికీ తిరిగి అమ్ముకున్నాడు. 1932లో షికాగోలో ఒక ధర్మాసుపత్రి వార్డులో చనిపోయాడు. పేరు కూడా లేని సమాధిలో పూడ్చారు. 1948లో పాత రేసర్లు కొందరు పూనుకుని అతన్ని తవ్వి తీసి, పేరుతో మళ్లీ పూడ్చారు. రికార్డులు అతన్ని కాపాడలేదు. మెరిట్ తనను తాను కాపాడుకోలేదు.

ఇదంతా విని ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే తొక్కుడు ఆపాల్నా మేడం?" అంది.

ఆపొద్దు. నీ టైమింగులు తేదీతో సహా రాసి పెట్టుకో. సెలక్షన్‌కి రూల్ ఏంటో కాగితం మీద అడుగు. కమిటీలో ఎవరున్నారో అడుగు. ఒక్కదానివే పోకు, నలుగురు కలిసి పోండి. వాళ్లు కూడబలుక్కుని పాకెట్ కడతారు, దాన్ని ఒంటరిగా ఛేదించడం టేలర్‌కే కష్టమైంది.

విద్యార్థి సంఘాల మిత్రులకు ఒక విన్నపం. మన పోరాటాల జాబితాలో హాస్టల్ ఉంది, ఫెలోషిప్ ఉంది. ఆటల మైదానం లేదు. చేర్చుదాం.