కాసాండ్రా కాల్చిన జాబులు

ఆంగ్ల నవలా రచయిత్రి జేన్ ఆస్టిన్ (1775–1817) వ్రాసిన జాబులలో నేడు మిగిలినవి సుమారు 160 మాత్రమే. వాటిలో సగానికి పైగా అక్క కాసాండ్రాకు వ్రాసినవి. 1845లో తాను కన్నుమూయుటకు రెండు మూడేళ్ళ ముందు ఆ అక్కయే తన వద్దనున్న జాబులన్నీ తిరగవేసి, అధిక భాగమును నిప్పుల పాలు చేసినదని మేనకోడలు కారొలిన్ వ్రాసిపెట్టినది. అందుకు కాసాండ్రాను తప్పుపట్టని సాహిత్యాభిమానులు అరుదు. నాకు మాత్రము ఆ తీర్పు న్యాయముగా తోచదు.

నౌకాదళములో అడ్మిరల్ అయిన అన్న ఫ్రాన్సిస్ కూడ చెల్లెలి జాబులను దశాబ్దాల పాటు దాచుకొన్నాడు. 1865లో ఆయన పోయిన పిదప కుమార్తె ఆ కట్టను నాశనము చేసినది. కాసాండ్రా అట్లు చేయలేదు. ఏరి, కొన్నింటిని మేనకోడళ్ళకు జ్ఞాపికలుగా మిగిల్చినది. అట్లు ఫానీకి చేరిన జాబులనే ఆమె కుమారుడు బ్రేబోర్న్ ప్రభువు 1884లో రెండు సంపుటములుగా అచ్చువేయించినాడు. కాల్చిన చేయియే కాపాడినది కూడ!

మిగిలిన వాటిలో టోపీలు, నాట్యములు, ఇరుగుపొరుగు కబుర్లే గాని సారము లేదని మరొక ఫిర్యాదు. ఆ కాలమున తపాలా రుసుము దూరమును, కాగితముల సంఖ్యను బట్టి ఉండేది. సాధారణముగా దానిని చెల్లించవలసినది జాబు అందుకొన్నవారే. అందుచేత ఒక్క కాగితమునే అంచులదాకా నింపేవారు. అంత ఖరీదైన చోటును ఆ కబుర్లకు కేటాయించినారంటే, అక్కచెల్లెళ్ళకు అవి ఎంత ముఖ్యమో తెలియడము లేదా? ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అచ్చుప్రతి లండను నుండి చేరిన సంబరమును 1813 జనవరి 29 నాటి జాబులో జేన్ చెప్పుకొన్నదీ ఆ అక్కతోనే. తన పుస్తకమును ముద్దుబిడ్డగా పేర్కొన్నది.

నేడు న్యూయార్కులోని మోర్గన్ గ్రంథాలయములో 51 జాబులు భద్రముగా ఉన్నవి. అంత పెద్ద సంచయము మరెక్కడను లేదు. కాని ఆ జాబులకు అక్క వ్రాసిన జవాబులు మిగలలేదు. ఇద్దరి సంభాషణలో మనకు వినిపించేది ఒక్క గొంతుకే.

కాలిన జాబులు ఉండి ఉంటే జేన్‌ను మనము మరింత ఎరిగి ఉండేవారము. ఆ నష్టము నిజమే. అయితే ఆమె నవలలు వ్రాసినది లోకమునకు. జాబులు వ్రాసినది అయినవారికి. నవలలపై పాఠకునికున్న హక్కు జాబులపై లేదు. మనకు దక్కినది కాసాండ్రా పెట్టిన భిక్షయే గాని, ఆమె ఎగవేసిన బాకీలో మిగులు కాదు.

మీ ఇంటి పెట్టెలోనూ పాత జాబుల కట్ట ఉండే ఉంటుంది. అందులో ఏది ఉండవలెనో, ఏది పోవలెనో మీరే తేల్చి వెళ్ళెదరా, లేక తరువాతివారికి విడిచిపెట్టెదరా? విజ్ఞులు సెలవియ్యగలరు.